కొమ్ము అందే దూరం

అల్లుడు లిసాంద్రో ఇల్లు విడిచి ఒక పగలూ ఒక రాత్రీ గడిచిపోయాయి. రెండో పగలు మొదలైంది.

ఎవారిస్తో గుర్రానికి జీను బిగిస్తున్నాడు. కూతురు ఒమైరా వాకిట్లో గుంజకి ఆనుకుని నిలబడింది. ఆమెకి ఏడో నెల. రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుంది. ఏడవడం లేదు. ఏడిస్తే బాగుండు అనుకున్నాడు ఎవారిస్తో. ఏడ్చేవాళ్ళని కసిరి నోరు మూయించవచ్చు.

“ఆయనకి బూడిద గుర్రం ఎందుకిచ్చావు నాన్నా?”

“నేనివ్వలేదు. అతనే తీసుకున్నాడు.”

“నువ్వేమన్నావో పొయ్యి దగ్గర్నుంచి విన్నాలే.”

అతను వంగి పట్టీ ఇంకో కన్నం బిగించాడు. ఏమన్నాడో అతనికీ గుర్తుంది. ‘ఆ ముసలి గుర్రం మీద పడవలో కూచున్నట్టు ఊరేగుతావా అల్లుడూ. బూడిదదాన్ని ఎక్కు. ఎక్కలేనంటే చెప్పు, కడుపుతో ఉన్నా ఒమైరా ఎక్కుతుంది.’ లిసాంద్రో నది ఒడ్డు మనిషి. పడవల్లో పుట్టి పడవల్లో పెరిగాడు. పెళ్ళయి ఈ మైదానానికి వచ్చిన రెండేళ్ళలో మామ నోటికి అలవాటుపడ్డాడు. ఆ వేళ మాత్రం చెవులు ఎర్రబడ్డాయి. మారుమాట లేకుండా బూడిద గుర్రమెక్కి, మంద విడిచిపోయిన చూడావు లుసేరాని వెతకడానికి వెళ్ళాడు.

బొరియలున్న నేల మీద ఆ గుర్రానికి ముందుకాలు తడబడుతుందన్న సంగతి ఎవారిస్తో చెప్పలేదు. మరిచిపోయి కాదు. కిందపడితే నవ్వుదామని.

“ఆయన్ని తీసుకురా,” అంది ఒమైరా. “నువ్వొక్కడివే మాత్రం రాకు.”

బ్రిహిదో అప్పటికే గుర్రం మీద ఉన్నాడు. ఎవారిస్తో భార్య పోయి ఆరేళ్ళయింది. ఈ బ్రిహిదో ఆమె తమ్ముడు. అక్క పోయినా తమ్ముడు నన్ను వదల్లేదని ఎవారిస్తో అతని ఎదుటే అంటుండేవాడు. బ్రిహిదో నవ్వేవాడు. పళ్ళు లేని నోరు కాబట్టి ఆ నవ్వు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగేదో తెలిసేది కాదు.

“దిగులుపడకే తల్లీ,” అన్నాడు మేనకోడలితో. “పడవవాడు కదా. నీళ్ళు కనబడ్డచోట ఆగిపోయుంటాడు. చెవి పట్టుకుని తీసుకొస్తాం.”

ఆమె నవ్వలేదు. దుప్పటిలో చుట్టిన ఎండుమాంసం, కర్రపెండలం రొట్టె, నీళ్ళతిత్తి అందించింది. తిత్తి తండ్రి చేతికి ఇవ్వలేదు, మేనమామకిచ్చింది.

పొద్దు నడినెత్తికి వచ్చేదాకా వెతికారు. గిట్టల జాడ ఉత్తరానికి కొంతదూరం సాగి, కాలిన నేల దగ్గర తెగిపోయింది. ముందురోజు ఎవరో ఎండుగడ్డికి పెట్టిన నిప్పు అటుగా పాకింది. నేలంతా మసి. దాని మీద ఏ గిట్ట గుర్తూ లేదు. బ్రిహిదో పేరు పెట్టి పిలిచాడు. ఎవారిస్తో పిలవలేదు. పిలిస్తే గొంతు వణుకుతుందని అతనికి తెలుసు. బావమరిది ఆ వణుకు వినడం అతనికి ఇష్టం లేదు.

ఇసుక దిబ్బ ఎక్కగానే గుర్రాలు రెండూ ఆగాయి. ఎదర పావుకోసు దూరంలో ఒంటిచెట్టు. చెట్టు మీద పక్షులు. చెట్టు కింద పక్షులు.



ఆ మైదానంలో పుట్టినవాడికి పక్షులు ఏం చెబుతున్నాయో ఒకరు చెప్పనక్కర్లేదు. ముందుగా వచ్చేది ఎర్రతల రాబందు. దానికి వాసన తెలుస్తుంది. ఒంటరిగా, రెక్కలు అటూ ఇటూ ఒరుగుతూ, గడ్డిని రాసుకుంటున్నట్టు ఎగురుతుంది. నల్లతలలకి వాసన తెలీదు, కళ్ళున్నాయి. పైన ఎక్కడో తిరుగుతూ ఎర్రతల ఎక్కడ దిగుతుందో చూస్తుంటాయి. అది దిగగానే పది, ఇరవై, యాభై వచ్చి పడతాయి. కష్టపడి కనిపెట్టినదాన్ని పక్కకి నెట్టేస్తాయి. అది పోయి కొమ్మెక్కి చూస్తూ కూచుంటుంది. కరికారె అనే గద్ద కోడిపుంజులా నడుచుకుంటూ అంచుల్లో తిరుగుతుంది, ఎవరూ చూడనప్పుడు మెత్తని ముక్క లాక్కుపోతుంది. వీళ్ళెవరి ముక్కుకీ పశువు తోలు తెగదు. దానికి రాజు రావాలి. తెల్లటి ఒళ్ళు, నల్లటి రెక్కలు, తల మీద ఎరుపూ పసుపూ. ఆ రాబందు దిగితే మిగతావన్నీ వెనక్కి జరుగుతాయి. అది తోలు చీల్చి, తిని, పక్కకి తప్పుకున్నాకే మిగిలినవాటికి విందు.

ఇప్పుడు చెట్టు మీద ఎర్రతలలు మూడు. కింద నల్లతలలు ముప్ఫైకి తక్కువ లేవు. తినడం లేదు. గుండ్రంగా నిలబడి ఉన్నాయి. వాటి మధ్య గడ్డిలో బూడిదరంగు గుట్ట ఒకటి.

“గుర్రం,” అన్నాడు బ్రిహిదో మెల్లిగా.

“కళ్ళున్నాయి నాకు.”

ఎవారిస్తో అరచెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని చూశాడు. గుట్ట పక్కన టోపీ కోసం చూశాడు. చొక్కా కోసం చూశాడు. గడ్డి ఎత్తుగా ఉంది. చూడాలనీ ఉంది, కనబడకూడదనీ ఉంది.

అప్పుడతనికి ఒక ఆలోచన వచ్చింది. మునిగేవాడు కొమ్మని పట్టుకున్నట్టు దాన్ని పట్టుకున్నాడు.

“రాజు కోసం చూస్తున్నాయి,” అన్నాడు. “ముప్ఫై ఉన్నాయి, ఒక్కటీ తినడం లేదు. ఏం తెలుస్తోంది? అక్కడున్నది తోలు మందం. గుర్రమొక్కటే. మనిషి ఉండుంటే రాజుతో పనేముంది? ఈపాటికి...” మిగతా మాట మింగాడు. “అంటే మనిషి అక్కడ లేడు. గుర్రం చచ్చింది, ఇతను నడిచిపోయాడు.”

“ఏ వైపుకి?”

“నీళ్ళ వైపుకి. పడవవాడని నువ్వే అన్నావుగా. తూర్పున వాగు మడుగు ఉంది. ఈ ఎండలో ఇంకెక్కడికి పోతాడు?”

బ్రిహిదో కళ్ళు చికిలించి చెట్టు వైపే చూస్తున్నాడు. “బావా, ఒక్కటీ గుర్రం మీదకి ఎక్కలేదేం?”

“చెప్పానుగా. రాజు కోసం.”

“తోలుకి రాజు కావాలి, నిజమే. కళ్ళకి? నాలుక్కి? తోక కిందకి? వాటికి ఎవరి సెలవూ అడగవే ఇవి. అంత ఎడంగా నిలబడ్డాయేంటి, పెళ్ళిలో బంధువుల్లా.”

“నీ చూపుకి ఎడం, దగ్గర ఏం తెలుస్తుందిరా. నిన్న కాఫీలో ఉప్పేసుకుని తాగావు.”

“తాగాను. బాగానే ఉంది. పోయి చూసొద్దాం పద.”

ఎవారిస్తో చెయ్యి చాచి చూపించాడు. దిబ్బకీ చెట్టుకీ మధ్య చిత్తడి ఉంది. పైన ఎండి పగిలినట్టు కనబడుతుంది, కింద గుర్రం పొట్టదాకా దిగబడే బురద. చుట్టూ తిరిగి వెళ్ళాలంటే గంట. “చచ్చిన గుర్రాన్ని చూడ్డానికి గంట పోగొట్టుకుంటావా? అక్కడ మడుగు దగ్గర బతికున్నవాడు కాలు విరిగి పడున్నాడేమో.”

ఆ మాటలో తప్పేమీ లేదు. బ్రిహిదో భుజాలు ఎగరేసి గుర్రాన్ని తిప్పాడు. ఎవారిస్తో కూడా తిప్పాడు. తిప్పుతున్నప్పుడు చెట్టు వైపు నుంచి ఏదో శబ్దం వచ్చినట్టనిపించింది. గాలి వాళ్ళ వెనకనుంచి చెట్టు వైపుకి వీస్తోంది. అటునుంచి శబ్దం రాదు. రాదనే అనుకున్నాడు. తల తిప్పలేదు.

మడుగు చేరేసరికి గుర్రాల నోట నురగ. ఎవారిస్తో దిగి ఒడ్డంతా నడిచాడు. మెత్తటి బురద. జింక గిట్టల గుర్తులున్నాయి. నీటిపందుల అడుగులున్నాయి. మొసలి ఈడ్చుకుంటూ పోయిన గాడి ఉంది. మనిషి అడుగు ఒక్కటీ లేదు. మడుగు అంతా చుట్టి మళ్ళీ మొదటిచోటికే వచ్చాడు. తన అడుగులే ఎదురయ్యాయి.

“ఇక్కడికి రాలేదు,” అన్నాడు బ్రిహిదో. ఇప్పుడతను హాస్యాలాడడం మానేశాడు.

అప్పుడు వినబడింది, పొదల వెనక ఆవు బుసకొట్టడం.

లుసేరా. ఈనింది. నుదుటి తెల్లమచ్చ మీద మట్టి. దూడ వణికే కాళ్ళ మీద లేచి పడుతోంది, పడి లేస్తోంది. మాయ ఇంకా పూర్తిగా పడలేదు. దాని చుట్టూ నల్లతలలు ఎనిమిదో తొమ్మిదో నిలబడ్డాయి. మాయ కోసం వచ్చాయి. కుదిరితే దూడ కళ్ళ కోసం, బొడ్డు కోసం. ఒకటి మెడ చాచి రెండడుగులు వేసింది. లుసేరా తల దించి దూకింది. ఆ పక్షి ఎగరలేదు. పక్కకి గెంతి, మళ్ళీ అదే దూరంలో నిలబడింది. మిగతావీ అంతే. ఆవు ఎటు తిరిగితే అటు వలయం వెనక్కి జరిగేది. తల తిప్పగానే ముందుకి వచ్చేది. కొమ్ము అందే దూరం ఎంతో వాటికి తెలుసు. బెత్తెడు ఎక్కువా లేదు, బెత్తెడు తక్కువా లేదు.

ఎవారిస్తో చూస్తూ ఉండిపోయాడు. అదే వలయం. అంతే ఎడం. దిబ్బ మీదనుంచి చూసింది ఇదే.

చచ్చినదాని చుట్టూ ఎవరూ ఎడంగా నిలబడరు. కదిలేదాని చుట్టూ నిలబడతారు.

అతనికి ఇది కొత్తగా తెలిసిన సంగతి కాదు. ఆరేళ్ళ వయసులోనే తెలుసు. దిబ్బ మీద బ్రిహిదో నోటితో చెప్పాడు కూడా. చెట్టు దగ్గరికి పోవడానికి భయపడి, ఆ భయానికి రాజు పేరు పెట్టాడు. అంతే.

“బావా,” అన్నాడు బ్రిహిదో. తల పైకెత్తి చూస్తున్నాడు.

చాలా ఎత్తులో, తెల్లటి పక్షి ఒకటి రెక్క కదపకుండా పడమటికి, చెట్టు వైపుకి జారుతోంది.

ఎవారిస్తో గుర్రం ఎక్కడం బ్రిహిదో చూడలేదు, చూసేసరికే దుమ్ము. తిరుగుదారిలో గుర్రాన్ని కొట్టని చోటు లేదు. మొదట దేవుణ్ణి తలుచుకున్నాడు. చాలా కాలంగా దేవుడితో మాటల్లేవు, ఏం చెప్పాలో తోచలేదు. తరవాత పోయిన భార్యని తలుచుకున్నాడు. ఆమె ఏమంటుందో తెలుసు కాబట్టి అదీ మానేశాడు. చివరికి అల్లుడి పేరే అన్నాడు. పెళ్ళయిన రెండేళ్ళలో నోటితో ఆ పేరు పలకడం అదే మొదటిసారి. అప్పటిదాకా పడవవాడా అనో, ఏమోయ్ అనో, అల్లుడూ అని వెక్కిరింతగానో పిలిచేవాడు.

చిత్తడి చుట్టూ తిరగలేదు. నేరుగా దింపాడు. సగం దూరంలో గుర్రం పొట్టదాకా దిగబడింది. దూకి, మొలలోతు బురదలో చేతులతో ఈదుతున్నట్టు నడిచాడు. ఒక బూటు అందులోనే ఉండిపోయింది. చెట్టు కింద రెక్కల చప్పుడు. అన్నీ ఒకేసారి పోట్లాడుకుంటున్న చప్పుడు. వలయం లేదు. ముద్దగా ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి.

నాకు తెలుసు, నాకు తెలుసు అనుకుంటూ గట్టెక్కాడు.

రాజు గుర్రం తొడ మీద ఉంది. తోలు చీరేసింది. ముఖం ఎత్తి, తెల్లటి కంటితో ఎవారిస్తోని చూసింది. ఎగిరిపోవడానికి తొందరేమీ పడలేదు. అది విప్పిన చోట నల్లతలలు మూగి ఉన్నాయి. వాటికి ఇంకో ధ్యాస లేదు. తినడానికి ఇంత దొరికాక, ఇంకా కొట్టగలిగిన మనిషి జోలికి ఎవరు పోతారు?

గుర్రం మెడ అవతల లిసాంద్రో. నడుం దాకా బయట ఉన్నాడు, ఎడమ కాలు మొత్తం గుర్రం కింద. ముఖం మీద టోపీ. టోపీ మీద చెయ్యి. ఆ చేతి వేళ్ళ దగ్గర కరికారె ఒకటి, నింపాదిగా.

ఎవారిస్తో అరిచిన అరుపుకి అన్నీ లేచాయి. ఎర్రతలలు మాత్రం కొమ్మ మీదనుంచి కదల్లేదు. వాటి వంతు ఎలాగూ రాలేదు.

టోపీ తీశాడు. పెదవులు పగిలి నల్లబడ్డాయి. కుడి కన్ను తెరుచుకుంది. ఎడమ కన్ను లేదు.

“నీళ్ళు,” అన్నాడు లిసాంద్రో.

నీళ్ళ తిత్తి బ్రిహిదో దగ్గర ఉంది. బ్రిహిదో ఇంకా చిత్తడి చుట్టూ తిరిగి వస్తున్నాడు. ఎవారిస్తో చొక్కా విప్పి నీడ పట్టాడు. ఇంకేం చెయ్యడానికీ చేతకాలేదు.

బ్రిహిదో వచ్చాక, ఆ మైదానంలో అందరూ చేసినట్టే తాడు కొసని అతని గుర్రం తోకకి ముడేసి, రెండో కొస చచ్చిన గుర్రం కాళ్ళకి కట్టి లాగారు. కళేబరం పక్కకి ఒరిగినప్పుడు లిసాంద్రో స్పృహ తప్పాడు. మళ్ళీ తెలివొచ్చేసరికి బ్రిహిదో గుర్రం మీద, మామ ఛాతీకి ఆనుకుని ఉన్నాడు. బ్రిహిదో కళ్ళెం పట్టుకుని నడుస్తున్నాడు.

“ముందుకాలు బొరియలో పడింది మామయ్యా,” అన్నాడు లిసాంద్రో. “ఇవాళ పొద్దున దాకా ఊపిరుంది దానికి. అది పోయాక వచ్చాయి.”

“మాట్లాడకు.”

“టోపీతో కొట్టాను. మట్టి విసిరాను. తిట్టాను కూడా. మీరు నన్ను తిట్టే తిట్లన్నీ వాటిని తిట్టాను. బాగా పనిచేశాయి.”

బ్రిహిదో ముందు నడుస్తూ నవ్వబోయి దగ్గాడు.

“చివరకి చెయ్యి లేవలేదు. తెల్లది వచ్చి గుర్రాన్ని చీల్చాక నన్నొదిలేశాయి. ఆ కోడిలాంటిదే, అప్పటికే...” ఆగాడు. కాసేపటికి మళ్ళీ అన్నాడు: “మధ్యాహ్నం దిబ్బ మీద రెండు టోపీలు కనబడ్డాయి. అరిచాను. మీరేనా?”

ఎవారిస్తో ముఖం అల్లుడికి కనబడదు. వెనక కూచున్నాడు. కాదనొచ్చు. గాలి అటు వీచింది, గడ్డి ఎత్తుగా ఉంది, ఎవరో దారిన పోయేవాళ్ళనొచ్చు.

“మేమే,” అన్నాడు.

“అనుకున్నాను,” అన్నాడు లిసాంద్రో.

ఇల్లు చేరేసరికి చీకటి పడుతోంది. ఒమైరా ఎదురొచ్చింది. మొగుడి ముఖం చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆ చెయ్యి దించి పనిలో పడింది. నీళ్ళు కాచింది. గుడ్డ చింపింది. ఎముకలు కట్టేవాడి కోసం కబురు పంపింది. లిసాంద్రోని వల ఊయలలో పడుకోబెట్టాక, బెల్లం కాఫీ తెచ్చి తండ్రి, మేనమామల ముందు నిలబడింది.

“పక్షులు ఎప్పుడు కనబడ్డాయి నాన్నా?”

ఆ మైదానంలో ఎవరైనా ముందు అడిగేది ఆ మాటే.

“పొద్దువాలే ముందు,” అన్నాడు బ్రిహిదో గబుక్కున. “చూడగానే పరుగే తల్లీ, మీ నాన్న గుర్రాన్ని చంపేశాడనుకో. బురదలో బూటు పోగొట్టుకున్నాడు, చూడు.”

ఆమె మేనమామని చూడలేదు. తండ్రినే చూస్తోంది.

“మధ్యాహ్నం,” అన్నాడు ఎవారిస్తో. “నడినెత్తి మీదున్నప్పుడు.”

ఆమె లోపల లెక్క వేసుకుంది. అతను ఆమె ముఖంలోనే ఆ లెక్క చూశాడు. మధ్యాహ్నం, చిత్తడి చుట్టూ ఒక గంట, అప్పటికి రెండు కళ్ళూ ఉండేవి. ఒక కప్పు బ్రిహిదో చేతికిచ్చింది. రెండోది తండ్రి ముందు నేల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. అది చల్లారి, ఈగ పడేదాకా అక్కడే ఉంది.

లుసేరాని, దూడని, బురదలోంచి లాగిన గుర్రాన్ని మర్నాడు తోలుకొచ్చారు. పిల్ల పుట్టింది. వానలు పడ్డాయి. లిసాంద్రో కాలు అతికింది గాని సూటిగా అతకలేదు. వాకిట్లో కూచుని వలలు అల్లుతాడు, ఒక కంటితో. మామని అతనేమీ అనడు. అదే ఎవారిస్తోకి భయం. అన్నరోజున అయిపోతుంది. అనకపోతే అవదు.

పక్షులు తిరగడం మాత్రం ఎప్పుడూ ఆగదు. ఏదో ఒకటి చస్తూనే ఉంటుంది.

“మామయ్యా,” అన్నాడు లిసాంద్రో ఒక మధ్యాహ్నం, దక్షిణానికి చూస్తూ. “ఏమంటున్నాయవి?”

లోపల పిల్లని ఊపుతున్న ఉయ్యాల చప్పుడు ఆగింది.

ఎవారిస్తో చూశాడు. ఎర్రతలలు రెండు, కిందుగా. నల్లతలలు నాలుగే, అవీ ఊరికే. పైన తెల్లదేం లేదు. చిన్నది. తాబేలో, పాము మింగి కక్కిన పిట్టో. పొద్దుటినుంచీ ఉండుంటుంది. వెనకటి ఎవారిస్తో అయితే కూచున్నచోటినుంచే చెప్పేవాడు, నూటికి నూరుపాళ్ళు సరిగ్గా చెప్పేవాడు.

“తెలీదు,” అన్నాడు. “వెళ్ళి చూడాలి.”

జీను తెచ్చి గుర్రం మీద వేశాడు. పట్టీ బిగించి, నీళ్ళతిత్తి నింపుకున్నాడు. అక్కడ ఎవరూ లేరని తెలుసు. ఇంట్లోవాళ్ళంతా ఇంట్లోనే ఉన్నారు. అయినా నింపుకున్నాడు. ఉయ్యాల చప్పుడు మళ్ళీ మొదలవలేదు. గేటు దాటి కొంతదూరం పోయేదాకా మొదలవలేదు.

తాబేలే.